అధికారిక సర్వర్లు మూతపడ్డాక రేసింగ్ గేమ్‌లను నిలబెట్టుకోవడం ఎలా?

రథసారథి

మిత్రులారా, 2014 డిసెంబరులో విడుదలైన ‘ది క్రూ’ అనే కార్ రేసింగ్ గేమ్ సర్వర్లను దానిని ప్రచురించిన యూబీసాఫ్ట్ కంపెనీ 2024 మార్చి 31న ఆపివేసిన సంగతి మీకు తెలిసినదే. ఒంటరిగా ఆడుకునే కథా భాగానికి కూడా సర్వర్ అనుసంధానం తప్పనిసరి కావడం వల్ల, డిస్కు కొని భద్రంగా దాచుకున్నవారికి సైతం ఆ రోజుతో గేమ్ పూర్తిగా చేజారిపోయింది. ఆ మరుసటి నెలలోనే యూట్యూబర్ రాస్ స్కాట్ ‘స్టాప్ కిల్లింగ్ గేమ్స్’ (గేమ్‌లను చంపడం ఆపండి) ఉద్యమాన్ని మొదలుపెట్టారు.

ఈ విషయంపై మాట్లాడేటప్పుడు చాలామంది రెండు వేర్వేరు సంగతులను కలిపేస్తుంటారు. కార్ల కంపెనీలతోనూ సంగీత హక్కుదారులతోనూ చేసుకున్న ఒప్పందాల గడువు తీరితే గేమ్ అమ్మకం ఆగిపోతుంది. ‘ఫోర్జా హొరైజన్ 4’ అమ్మకం 2024 డిసెంబరులో అలాగే ఆగింది కానీ, అప్పటికే కొన్నవారు ఆన్‌లైన్‌లో ఆడుకోవడానికి ఏ ఆటంకమూ కలగలేదు. సర్వర్ మూత అలాంటిది కాదు, అది కొన్నవారి చేతిలోని వస్తువునే పనికిరాకుండా చేస్తుంది. ఈ చర్చను ఆ రెండో సంగతికే పరిమితం చేద్దాం. ఒక రేసింగ్ గేమ్ నిజంగా దేనికోసం కంపెనీ సర్వర్ మీద ఆధారపడుతుంది, ఆ సర్వర్ లేనప్పుడు ఏ భాగాన్ని మనం తిరిగి నిర్మించుకోగలం, మూతకు ముందే ఏమి చేసి ఉంచాలి అన్న విషయాలపై తెలిసినవారు వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను.

ప్యాకెట్‌వేట

రథసారథి గారూ, మీ మొదటి ప్రశ్న దగ్గరే అసలు విషయమంతా ఉంది. రేసు జరుగుతున్నప్పుడు కార్ల మధ్య నడిచే సమాచారం వేరు, రేసులోకి అడుగుపెట్టడానికి ముందు గేమ్ అడిగే అనుమతులు వేరు. చాలా గేమ్‌లలో మొదటిది ఆటగాళ్ల యంత్రాల మధ్య నేరుగా సాగిపోతుంది. కంపెనీ సర్వర్ ఆపినప్పుడు పోయేది ఎక్కువగా రెండోదే. ప్రవేశద్వారం మూతపడుతుంది కానీ, లోపలి రోడ్డు అలాగే ఉంటుంది.

నింటెండో వారి వీ కన్సోల్ కోసం వచ్చిన ‘మారియో కార్ట్ వీ’ దీనికి మంచి ఉదాహరణ. ఆన్‌లైన్‌లో 12 మంది వరకు ఆడే ఆ గేమ్‌లో రేసు సమాచారమంతా ఆటగాళ్ల కన్సోళ్ల మధ్యే తిరుగుతుంది. నింటెండో వైఫై కనెక్షన్ సేవ మాత్రం లాగిన్ చేయించడం, ఆడేందుకు సిద్ధంగా ఉన్నవారిని ఒక గదిలోకి చేర్చడం, ఒకరి చిరునామా మరొకరికి తెలియజేయడం వరకు చూసుకునేది. ఆ పనులకు గేమ్‌స్పై అనే మరో సంస్థ సాంకేతికతను వాడేవారు. 2014 మే 20న ఆ సేవ ఆగింది. అదే నెలాఖరున గేమ్‌స్పై కూడా మూతపడి, దానిని నమ్ముకున్న ఎన్నో పీసీ గేమ్‌ల లాబీలను (ఆటగాళ్లు రేసుకు ముందు చేరే గదులను) తనతోపాటే తీసుకుపోయింది. అయినా అభిమానులు నిర్మించిన వీమ్‌ఫీ అనే ప్రత్యామ్నాయ సర్వర్ ఆ సంవత్సరమే అందుబాటులోకి వచ్చింది. ఈ రోజుకీ దానిలో రేసులు నడుస్తున్నాయి. రేసు నడిపే భాగాన్ని వారు కొత్తగా రాయవలసిన అవసరం రాలేదు కాబట్టే అంత త్వరగా అది సాధ్యమైంది.

ఒక గేమ్ ఆన్‌లైన్‌లోకి వెళ్లే క్షణాన్ని ప్యాకెట్లను, అంటే నెట్‌వర్క్‌లో ప్రయాణించే సమాచారపు తునకలను పట్టే సాధనంతో గమనిస్తే ఈ వరుస స్పష్టంగా కనిపిస్తుంది. గేమ్ మొదట ఒక సర్వర్ పేరును డీఎన్ఎస్ ద్వారా అడిగి ఐపీ చిరునామా తెలుసుకుంటుంది, ఆ చిరునామాతో సురక్షిత అనుసంధానం ఏర్పరచుకుంటూ అవతల ఉన్నది అసలు సర్వరేనని చూపే సర్టిఫికెట్‌ను పరిశీలిస్తుంది, ఖాతా వివరాలు పంపి ప్రవేశ గుర్తుగా ఒక టోకెన్ అందుకుంటుంది, ఆ టోకెన్ చూపించి లాబీల జాబితా కోరుతుంది. గదిలో చేరిన తర్వాత ఈ సంభాషణ దాదాపు ఆగిపోయి, వేరే చిరునామాలకు చిన్న చిన్న యూడీపీ (చేరిందో లేదో ఎదురుచూడకుండా పంపే పద్ధతి) ప్యాకెట్లు ఎడతెగకుండా వెళ్లడం మొదలవుతుంది. ఆ ప్యాకెట్లలో ఉండేది కారు ఉన్న చోటు, వేగం, దిశ, స్టీరింగ్ తిప్పిన తీరు లాంటి వివరాలు. తెరమీద మనకు కనిపించే ఎదుటివారి కారు నిజానికి చివరిగా అందిన వివరాలను బట్టి మన యంత్రం వేసుకున్న అంచనా మాత్రమే. తర్వాతి ప్యాకెట్ ఆలస్యమైతే ఆ కారు మలుపులో తిన్నగా గోడలోకి దూసుకుపోయినట్టు కనిపించి, మరుక్షణమే రోడ్డు మీదికి ఎగిరి వస్తుంది.

కాబట్టి గేమ్ అడిగే సర్వర్ పేరును మన సర్వర్ వైపు మళ్లించి, అది ఎదురుచూసే జవాబులు ఇవ్వగలిగితే సగం పని అయినట్టే. సర్టిఫికెట్ పరిశీలన దగ్గర మాత్రం ఒక్కొక్క గేమ్ ఒక్కొక్క రకంగా మొండికేస్తుంది. కొన్నింటికి గేమ్ ఫైల్‌లోనే చిన్న మార్పు చేయక తప్పదు.

పాతగ్యారేజీ

ప్యాకెట్‌వేట గారు చెప్పినది ‘మారియో కార్ట్ వీ’ లాంటి గేమ్‌లకు సరిపోతుంది. అయితే కార్లు, డబ్బు, స్థాయిలు, రేసుల జాబితా అన్నీ సర్వర్‌లోనే దాచే గేమ్‌ల మాటేమిటి? నేను ఎంతో ఇష్టంగా ఆడిన ‘నీడ్ ఫర్ స్పీడ్ వరల్డ్’ 2010లో మొదలై 2015 జూలై 14న మూతపడింది. ఇందులో ఆటగాడి యంత్రంలో నగరం, కార్ల ఆకృతులు, శబ్దాలు ఉండేవి కానీ, ఏ కారు ఎవరి గ్యారేజీలో ఉంది, ఏ రేసు ఏ స్థాయికి తెరుచుకుంటుంది, దుకాణంలో ఏది ఏ ధరకు దొరుకుతుంది అన్నవి సర్వర్ చెప్పాల్సిందే.

ఇంత ఉన్నా సోప్‌బాక్స్ రేస్ వరల్డ్ పేరుతో అభిమానులు ఆ గేమ్‌ను మళ్లీ బతికించారు. వారికి రెండు విషయాలు కలిసివచ్చాయి. మొదటిది, గేమ్‌ను తెరిచేటప్పుడు లాంచర్ (గేమ్‌ను ప్రారంభించే చిన్న ప్రోగ్రామ్) దానికి సర్వర్ చిరునామాను, ప్రవేశ టోకెన్‌ను బయటి నుంచే అందించేది. అందువల్ల కొత్త లాంచర్ ఒకటి రాసి వేరే చిరునామా ఇస్తే గేమ్ అక్కడికే వెళ్లింది. రెండోది, గ్యారేజీ, దుకాణం, రేసుల వివరాలన్నీ మామూలు వెబ్ అభ్యర్థనల రూపంలో, ఎక్స్‌ఎమ్ఎల్ పాఠంగా వచ్చేవి. మనిషి చదివి అర్థం చేసుకోగలిగే జవాబులు కాబట్టి, మూతకు ముందు వాటిని భద్రపరచుకున్నవారి దగ్గర తిరిగి నిర్మించడానికి కావలసిన ముడిసరుకు మిగిలింది. ఇప్పుడు దానికి ఒకటి కాదు, వేర్వేరు బృందాలు నడిపే అనేక సర్వర్లు ఉన్నాయి, లాంచర్‌లోనే వాటి జాబితా వస్తుంది. ఒక బృందం అలసిపోయి విరమించుకున్నా గేమ్ మొత్తం ఆగిపోని ఆ ఏర్పాటు నాకు చాలా నచ్చింది.

‘ది క్రూ’ విషయంలో ఈ పని ఇంకా కష్టమైంది. అయినా ఒక అభిమాన బృందం ‘ది క్రూ అన్‌లిమిటెడ్’ పేరుతో సర్వర్‌కు ప్రత్యామ్నాయాన్ని సిద్ధం చేసి, 2025 సెప్టెంబరులో పీసీ ఆటగాళ్లకు ఆ గేమ్‌ను తిరిగి అందించింది. కంపెనీ సర్వర్లు ఆగిన ఏడాదిన్నర తర్వాత!

మలుపుగీత

అభిమానుల శ్రమను నేనూ మనస్ఫూర్తిగా గౌరవిస్తాను. కానీ ఆ భారం అభిమానుల మీద పడటమే అన్యాయమని నా అభిప్రాయం. వీడ్కోలు ఎలా చెప్పాలో చూపించిన కంపెనీలు ఉన్నాయి. ‘గ్రాన్ టురిస్మో స్పోర్ట్’ తన కాలమంతా, ఒంటరిగా ఆడినా పురోగతిని భద్రపరచడానికి ఆన్‌లైన్ అనుసంధానం కోరేది. 2024 జనవరి 31న ఆన్‌లైన్ సేవలు ముగిసినప్పుడు ఒక నవీకరణ ద్వారా ఆ నిబంధనను తొలగించారు. దానితో ఆన్‌లైన్ రేసులు పోయినా కార్లు, ట్రాక్‌లు, ఒంటరి పోటీలు ఆటగాడి దగ్గరే మిగిలాయి. ‘ది క్రూ’ తర్వాతి భాగాలకు ఆఫ్‌లైన్ విధానం తెస్తామని యూబీసాఫ్ట్ 2024లో ప్రకటించి, ‘ది క్రూ 2’కు 2025లో దానిని అందించింది. ఆటగాళ్లు గట్టిగా అడగకపోతే అది వచ్చేదని నేను అనుకోను.

‘స్టాప్ కిల్లింగ్ గేమ్స్’ ఉద్యమం తరఫున ఐరోపా పౌరుల ప్రతిపాదనగా సాగిన సంతకాల సేకరణ 2025 జూలై 31 నాటికి పది లక్షల పరిమితిని దాటింది. దాని గురించి ఒక అపోహ విపరీతంగా ప్రచారమవుతోంది. కంపెనీలు శాశ్వతంగా సర్వర్లు నడపాలని అందులో ఎవరూ కోరలేదు. మద్దతు ఆపేసేటప్పుడు గేమ్‌ను ఆడదగిన స్థితిలో వదిలివెళ్లాలన్నదే ఆ కోరిక.

న్యాయమార్గం

చట్టం గురించి కూడా కొంత చెప్పుకోవాలి, ఎందుకంటే ఉత్సాహంతో పని మొదలుపెట్టినవారు చివరికి చిక్కుకునేది ఇక్కడే. ప్రత్యామ్నాయ సర్వర్ రాయడం ప్రతి దేశంలోనూ ఒకే విధంగా చూడబడదు. అమెరికాలో బీనెట్‌డీ అనే ప్రత్యామ్నాయ సర్వర్ రాసినవారి మీద గేమ్ కంపెనీ బ్లిజార్డ్ వేసిన దావాలో 2005లో అప్పీలు న్యాయస్థానం కంపెనీ పక్షానే తీర్పు ఇచ్చింది. లైసెన్స్ ఒప్పందాన్ని ఉల్లంఘించారని, రక్షణ ఏర్పాటును దాటవేశారని అందులో తేల్చింది. ఆ కంపెనీ సర్వర్లు అప్పటికి చక్కగా నడుస్తూనే ఉన్నాయన్నది ఇక్కడ మరవకూడదు.

మూతపడిన గేమ్‌ల విషయంలో అక్కడి కాపీరైట్ కార్యాలయం సిఫార్సుతో కొన్ని మినహాయింపులు వచ్చాయి. చట్టబద్ధంగా కొన్న గేమ్‌కు ధ్రువీకరణ సర్వర్ ఆగిపోతే, ఆ గేమ్‌ను తన యంత్రం మీద ఆడుకోవడానికి మాత్రం అడ్డంకిని తొలగించుకోవచ్చని 2015లో అనుమతించారు. ఆన్‌లైన్ బహుళ ఆటగాళ్ల పోటీలకు ఆ అనుమతి వర్తించదు. 2018లో దానిని గ్రంథాలయాలు, మ్యూజియంలు, భద్రపరిచే సంస్థలకు మరికొంత విస్తరించారు కానీ, ఆ సంస్థల ఆవరణ దాటి ఆడనివ్వడానికి వీలులేదు. దూరం నుంచి పరిశోధకులకు అందించే అవకాశం ఇవ్వాలన్న అభ్యర్థనను 2024 అక్టోబరులో తిరస్కరించారు. ఐరోపా సమాఖ్యలో మాత్రం 2009/24 సాఫ్ట్‌వేర్ ఆదేశం 6వ అధికరణం, ఒక ప్రోగ్రామ్ మరొక ప్రోగ్రామ్‌తో కలిసి పనిచేయడానికి అవసరమైనంత మేరకు దాని లోపలి నిర్మాణాన్ని విప్పి చూడటానికి షరతులతో అవకాశం ఇస్తుంది.

ఇందులోంచి మనం పాటించవలసిన జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. గేమ్ ఫైళ్లను పంచిపెట్టకండి, కొన్నవారు తమ ప్రతిని తామే తెచ్చుకోవాలి. కంపెనీ నుంచి బయటికి పొక్కిన సర్వర్ కోడ్‌ను తాకకండి, దానిని చూసి రాసిన ఒక్క ఫైల్ చాలు మొత్తం పనిని అనుమానాస్పదం చేయడానికి. ప్రవేశానికి రుసుము వసూలు చేయకండి. ఇవన్నీ పాటించినా పూర్తి రక్షణ దొరుకుతుందని నేను హామీ ఇవ్వలేను. పాటించని ప్రాజెక్టు మీద చర్య తీసుకోవడం మాత్రం హక్కుదారుకు ఎంతో సులువు.

లాప్‌టైమ్

సర్వర్ రాయడం అందరివల్లా అయ్యేది కాదు కదా, పాత కన్సోల్ ఉన్న సామాన్య ఆటగాడికి మరో దారి ఏదైనా ఉందా?

ప్యాకెట్‌వేట

ఉంది, లాప్‌టైమ్ గారూ. మీ గేమ్‌లో స్థానిక నెట్‌వర్క్ విధానం, అంటే ఒకే చోట ఉన్న కన్సోళ్లను కలిపి ఆడే సౌకర్యం ఉందేమో ముందుగా చూడండి. ఎక్స్‌లింక్ కాయ్ లాంటి సాధనం ఆ స్థానిక ప్యాకెట్లను ఇంటర్నెట్ మీదుగా మోసుకెళ్లి, వేర్వేరు ఊళ్లలోని కన్సోళ్లు ఒకే గదిలో ఉన్నాయని గేమ్‌ను నమ్మిస్తుంది. గేమ్ కంపెనీ సర్వర్ ప్రమేయం ఏమాత్రం ఉండదు కాబట్టి ఆ సర్వర్ ఆగినా ఈ పద్ధతి పనిచేస్తుంది. దీనికి ఉన్న పరిమితి ఆలస్యం. స్థానిక నెట్‌వర్క్ కోసం రాసిన కోడ్ సుదూర ప్రయాణాన్ని ఊహించి రాసినది కాదు. ఎక్స్‌బాక్స్ 360 అయితే సిస్టమ్ లింక్ అనే తన స్థానిక నెట్‌వర్క్ విధానంలో 30 మిల్లీసెకన్ల ఆలస్యం దాటిన అనుసంధానాన్ని తనంతట తానే తిరస్కరిస్తుంది, కాబట్టి దానిలో దూరపు ఆటగాళ్లతో రేసు కష్టమే. మొదటి తరం ఎక్స్‌బాక్స్‌కు ఆ పరిమితి లేదు. పైగా 2010 ఏప్రిల్‌లో ఆగిన దాని ఆన్‌లైన్ సేవకు ఇన్‌సిగ్నియా అనే ప్రత్యామ్నాయం కూడా వచ్చింది. నింటెండో 3డీఎస్, వీ యూ కన్సోళ్ల ఆన్‌లైన్ సేవ 2024 ఏప్రిల్ 8న ముగిశాక వాటికి ప్రెటెండో అనే సేవ అదే పని చేస్తోంది.

ట్రాక్‌డే

ఇక్కడ నిజమైన డ్రైవింగ్‌ను అనుకరించే సిమ్యులేటర్ల ప్రస్తావన రాలేదు. ‘ఆర్‌ఫ్యాక్టర్’, ‘అసెట్టో కోర్సా’ లాంటివాటిలో సర్వర్ ప్రోగ్రామ్‌ను గేమ్‌తోపాటే ఆటగాళ్లకు ఇచ్చారు. లీగ్ నడిపేవారు తమ యంత్రంలోనే దానిని నడుపుతారు, లాబీ జాబితా పనిచేయకపోయినా ఐపీ చిరునామా తెలిసినవారు నేరుగా చేరిపోవచ్చు. ‘ఆర్‌ఫ్యాక్టర్’ 2005 నాటిది. ఇంత భద్రత దానికి ఉన్నదంటే ఎవరో తర్వాత కష్టపడి నిర్మించినందువల్ల కాదు, మొదటి రోజునే ఆ నిర్ణయం తీసుకున్నందువల్ల. సర్వర్‌ను బయటపెట్టడం సాధ్యం కాదని కంపెనీలు చెప్పిన ప్రతిసారీ నాకు ఈ గేమ్‌లే గుర్తుకొస్తాయి.

‘రీవోల్ట్’ను కూడా చెప్పాలి. 1999లో దానిని ప్రచురించిన అక్లెయిమ్ 2004లో దివాలా తీసింది. అయినా ఆ బొమ్మకార్ల గేమ్‌ను అభిమానులు ఆర్‌వీజీఎల్ పేరుతో ఈనాటి యంత్రాలకు తగినట్టు తిరగరాసి, ఆన్‌లైన్ రేసులను కొనసాగిస్తున్నారు.

మలుపుగీత

ట్రాక్‌డే గారి మాటతో ఏకీభవిస్తూనే ఒక తేడాను గుర్తుచేస్తాను. ఒక రేసుకు ఒక సర్వర్ అన్న పద్ధతిలో నిర్మించిన గేమ్‌కు అది సులువు. వేలమంది ఖాతాలు, అంగడి, రుతువుల (సీజన్ల) వారీ పోటీలు పెనవేసుకున్న గేమ్‌లో సర్వర్ అంటే ఒక ప్రోగ్రామ్ కాదు, ఒకదానిపై ఒకటి ఆధారపడే అనేక సేవలు. వాటిలో కొన్ని ఇతర కంపెనీల దగ్గర లైసెన్సుకు తీసుకున్నవి కూడా ఉంటాయి, వాటిని ఉచితంగా పంచే హక్కు గేమ్ కంపెనీకి ఉండదు. అందుకే మొత్తం సర్వర్‌ను ఇవ్వమని అడగడం కంటే, చివరి నవీకరణలో మూడు మార్పులు చేయమని అడగడం ఆచరణయోగ్యమని నేను భావిస్తాను. పురోగతిని ఆటగాడి యంత్రంలోనే భద్రపరచనివ్వాలి, సర్వర్ చిరునామాను ఒక సెట్టింగుల ఫైల్ నుంచి చదవాలి, ప్యాకెట్ల నిర్మాణాన్ని వివరించే పత్రాన్ని బయటపెట్టాలి. లైసెన్సు ఇచ్చిన ఇతర కంపెనీల హక్కులను ఇవి తాకవు.

కాపలాదారు

అభిమాన సర్వర్లలో చేరేవారి భద్రత గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను. ఆటగాళ్ల యంత్రాలు నేరుగా మాట్లాడుకునే గేమ్‌లలో మీ ఐపీ చిరునామా గదిలోని అందరికీ చేరుతుంది. అది కూడా అంత పెద్ద ప్రమాదం కాదు, అసలు ప్రమాదం గేమ్ కోడ్‌లోని లోపాలతో వస్తుంది. 2022 డిసెంబరులో బయటపడిన ఒక లోపం వల్ల ‘మారియో కార్ట్ 7’, ‘మారియో కార్ట్ 8’తో సహా కొన్ని నింటెండో గేమ్‌లలో, ఆన్‌లైన్‌లో కలిసి ఆడినంత మాత్రాన ఎదుటి ఆటగాడి కన్సోల్‌లో తమ కోడ్ నడిపే అవకాశం దుర్మార్గులకు దొరికేది. నింటెండో అప్పటికి సేవలు నడుపుతోంది కాబట్టి 2023లో వీ యూ కన్సోల్‌లోని ‘మారియో కార్ట్ 8’ ఆన్‌లైన్‌ను నెలల తరబడి ఆపి మరీ సరిచేసింది. మూతపడిన గేమ్‌లో అలాంటి లోపం బయటపడితే సరిచేసే నాథుడు ఉండడు, సర్వర్ నడిపేవారే హానికరమైన ప్యాకెట్లను అడ్డగించాలి. కాబట్టి గేమ్‌ను చివరి నవీకరణ వరకు తెచ్చుకున్నాకే చేరండి, అభిమాన సర్వర్ ఖాతాకు మరెక్కడా వాడని పాస్‌వర్డ్ పెట్టుకోండి, ముఖ్యమైన పనులకు వాడే కంప్యూటర్‌లో తెలియని లాంచర్లను నిర్వాహక అనుమతులతో నడపకండి.

రథసారథి

అందరికీ కృతజ్ఞతలు. ఇప్పుడు మరింత నిర్దిష్టంగా అడుగుతాను. ఒక పీసీ రేసింగ్ గేమ్‌కు మూత తేదీ ప్రకటించారు, ఇంకా కొన్ని వారాల గడువు ఉంది అనుకుందాం. సర్వర్ రాసే నైపుణ్యం లేకపోయినా ఆ గేమ్‌ను ప్రేమించే మామూలు ఆటగాళ్లు ఆ గడువులో ఏమి చేస్తే, తర్వాత వచ్చే నిపుణులకు ఉపయోగపడుతుంది?

పాతగ్యారేజీ

మొదట గేమ్ ఫోల్డర్‌ను చివరి నవీకరణతో సహా, కొన్న అదనపు కంటెంట్ అంతటితో సహా మరొక డిస్కులోకి నకలు తీసి ఉంచండి. డౌన్‌లోడ్ సర్వర్లు ఎప్పుడు ఆగుతాయో ముందుగా ఎవరూ చెప్పరు. లీడర్‌బోర్డులను (ఆటగాళ్ల ర్యాంకుల పట్టికలను), ఘోస్ట్ ల్యాప్‌లను (ఒకరు నడిపిన ల్యాప్‌ను నీడ కారుగా మళ్లీ చూపే రికార్డులను), ఆటగాళ్లు కార్ల మీద గీసిన డిజైన్లను భద్రపరచండి. అభిమానులు సర్వర్‌ను తిరిగి కట్టగలరు కానీ, వేలమంది సంవత్సరాల తరబడి నమోదు చేసిన ల్యాప్ సమయాలను మళ్లీ పుట్టించలేరు. వాటిని తెర చిత్రాలుగా తీసుకున్నా ఎంతో కొంత చరిత్ర నిలుస్తుంది.

ప్యాకెట్‌వేట

పాతగ్యారేజీ గారు చెప్పినవాటికి ప్యాకెట్ల సేకరణను చేర్చాలి. దానిలో ఒక మెలిక ఉంది. ఇప్పటి గేమ్‌లు చాలావరకు గుప్తీకరించిన సంభాషణ చేస్తాయి కాబట్టి, తాళంచెవి లేకుండా పట్టిన ప్యాకెట్లు తర్వాత ఎందుకూ కొరగావు. సొంత సర్టిఫికెట్‌తో మధ్యలో ప్రాక్సీ (మధ్యవర్తి ప్రోగ్రామ్) పెట్టి చదివితేనో, అనుసంధానపు తాళంచెవులను కూడా నమోదు చేస్తేనో వాటికి విలువ ఉంటుంది. ఈ పనికి ముందుకొచ్చే నిపుణుడు ఒక్కరు దొరికినా మిగిలినవారు ఆయన చెప్పినట్టు ఆడితే చాలు. సేకరించినదాన్ని పంచుకునే ముందు మీ టోకెన్లను, ఇతర ఆటగాళ్ల పేర్లను, ఐపీ చిరునామాలను తప్పక తొలగించండి.

ఏ సంఘటనలను పట్టాలన్నది ఇంకా ముఖ్యం. లాగిన్, లాబీ, మామూలు రేసు అందరి సేకరణలోనూ ఉంటాయి. తర్వాత సర్వర్ రాసేవారికి దొరకనివి అరుదుగా జరిగేవే. కొత్త ఖాతా మొట్టమొదటి ప్రవేశం, కారు అమ్మినప్పుడు వచ్చే జవాబు, రేసు మధ్యలో అనుసంధానం తెగి మళ్లీ చేరడం, హోస్ట్ (గదిని నడిపే ఆటగాడు) వెళ్లిపోయినప్పుడు ఆ బాధ్యత మరొకరికి మారడం, సరిగ్గా ఒకే సమయానికి ఇద్దరు గీత దాటడం, జరిమానా పడటం, పోటీల రుతువు ముగిసి బహుమతులు పంచడం లాంటివన్నమాట. రుతువు ముగింపు మూత తేదీకి ముందు ఒక్కసారే వస్తుంది కాబట్టి, ఆ రాత్రికి వీలైనంత ఎక్కువమంది, వేర్వేరు స్థాయిల ఖాతాలతో ఆన్‌లైన్‌లో ఉండేలా ఇప్పుడే మాట్లాడుకోండి. గెలిచిన ఖాతాకు వచ్చే జవాబు ఎంత అవసరమో, అట్టడుగున నిలిచిన ఖాతాకు వచ్చేదీ అంతే అవసరం.